ఎర్రనేలకు ఒక పద్ధతి, నల్లరేగడికి ఇంకో పద్ధతి: ఇంటి జాగాలో వాననీళ్ల లెక్క

అనంతపురం జిల్లాలో ఏడాది మొత్తానికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల చిల్లర. కర్నూలు, కడపల్లో దానికంటే కాస్త మెరుగు. ఇంత తక్కువ వానకే ఈ ఊళ్ల వీధుల్లో మోకాటి లోతు నీళ్లు నిలుస్తాయి. మార్చి దాటితే అవే వీధుల్లోకి ట్యాంకర్లు వస్తాయి. రెండు బాధలకూ మూలం ఒక్కటే. పడిన వాన ఇంటి ఆవరణలో కాసేపు కూడా ఆగకుండా సిమెంటు మీదుగా జారి మోరీలో కలుస్తోంది.

ఒక హద్దు ముందే గీసుకోవాలి. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచాయి. నివర్ తుపానుకు 2020 నవంబరులో కడపలో బుగ్గవంక పొంగింది. 2022 అక్టోబరులో అనంతపురంలో నడిమివంక కాలనీల మీదికి వచ్చింది. అలాంటి వరద వస్తే పెరట్లో ఎంత తవ్వినా లాభం లేదు. అది నదులూ వంకలూ, వాటి గట్ల మీది కట్టడాల సంగతి. ఇంటి జాగా చక్కబెట్టగలిగేది ఏడాదిలో ఎక్కువసార్లు పడే 10, 20, 30 మిల్లీమీటర్ల వానలను. ఇక్కడ వాన పడే రోజుల్లో ఎక్కువ భాగం 25 మిల్లీమీటర్ల లోపువే కాబట్టి అది తక్కువ పనేమీ కాదు.

దీనికి అందరి నోటా వినిపించే సలహా ఇంకుడు గుంత. 2002 నాటి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల రక్షణ చట్టం) తర్వాత ఇంటి ప్లాను అనుమతి దగ్గర కూడా దాని ప్రస్తావన వస్తూనే ఉంది. చాలా ఇళ్లలో గుంత ఉంది, నీళ్లు మాత్రం ఇంకవు. కొన్ని ఇళ్లలో బాగా ఇంకి, గోడలు పగిలాయి. గుంత ఒకటే, కొలతలు ఒకటే, మారింది కింద నేల. అనంతపురం చుట్టూ ఎక్కువగా కనిపించే ఎర్రనేలకు సరిపోయే పద్ధతిని ఉరవకొండ, తాడిపత్రి, నంద్యాల వైపు రేగడిలో అలాగే దించితే ఇల్లు దెబ్బతింటుంది. అందుకే పని మొదలుపెట్టాల్సింది గుంత తవ్వడంతో కాదు, నేలను చూడడంతో.

ముందు లీటర్లు

ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. ఈ ఒక్క సూత్రం చాలు. 5 సెంట్ల జాగా తీసుకుందాం: సుమారు 2,180 చదరపు అడుగులు, అంటే 202 చదరపు మీటర్లు. అందులో మిద్దె 1,100 చదరపు అడుగులు (102 చ.మీ.), బండలు పరిచిన వాకిలి 500 (46 చ.మీ.), మిగిలింది మట్టి.

25 మిల్లీమీటర్ల వానకు మిద్దె మీద నుంచి 102 × 25 = 2,550 లీటర్లు రావాలి. తడిసి ఆరేది, చిందేది పోగా పదింట తొమ్మిది పాళ్లు చేతికొస్తాయి: సుమారు 2,300 లీటర్లు. దరువులు (బండల మధ్య సందులు) సిమెంటుతో మూసి పరిచిన బండల నుంచి పదింట ఎనిమిది పాళ్లు, అంటే 900 లీటర్ల పైచిలుకు. మొత్తం 3,200 లీటర్లు. మట్టి మీద పడింది అక్కడే ఇంకుతుందనుకుందాం. వాతావరణ శాఖ భారీ వర్షంగా లెక్కించే 65 మిల్లీమీటర్ల వానకు ఒక్క మిద్దె నుంచే 6,000 లీటర్లు దిగుతాయి.

ఆ 6,000 లీటర్లనూ పట్టాలని చూస్తే పెరడంతా గుంతే అవుతుంది. 25 మిల్లీమీటర్ల వానను పూర్తిగా పట్టి, అంతకు మించింది ఇంటికీ పక్కింటికీ హాని లేకుండా పోయే దారి వేయడమే ఈ ఊళ్లకు సరైన లెక్క. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గరి 1369 నాటి శాసనం చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు చెబుతుంది. ఆ దోషాల్లో రెండు ఇవి: నీరు తక్కువై నేల ఎక్కువ కావడం, నీరు ఎక్కువై నేల తక్కువ కావడం. ఆ తూకం 5 సెంట్ల పెరడుకూ తప్పదు.

మిద్దె పైపుల దగ్గరే చాలామంది లెక్క తప్పుతారు. గంటకు 50 మిల్లీమీటర్ల జోరుకు 4 అంగుళాల పైపు ఒకటి సుమారు 85 చదరపు మీటర్ల మిద్దెను దించగలదు. గంటకు 100 మిల్లీమీటర్ల జోరు పది నిమిషాలు కొట్టినా అదే పైపు 43 చదరపు మీటర్లకే సరి. సెప్టెంబరు, అక్టోబరు వానల్లో ఆ జోరు వింతేమీ కాదు. కాబట్టి 1,100 చదరపు అడుగుల మిద్దెకు 4 అంగుళాల పైపులు మూడు తక్కువ కాకుండా ఉండాలి. ఒక్క 3 అంగుళాల పైపుతో సరిపెట్టిన ఇళ్లలో నీళ్లు మిద్దె మీదే నిలిచి, పిట్టగోడ మొదట్లో చెమ్మ దిగుతుంది.

నేలను అడగడం

ఇంటి గోడకు 10 అడుగుల అవతల, అడుగు వెడల్పు, అడుగున్నర లోతు గుంత తీయండి. గడ్డపారతో తవ్వినప్పుడు పక్కలు నున్నగా మెత్తినట్టు అవుతాయి. ఆ పొరను గీరేయకపోతే నేల నిజం చెప్పదు. గుంత నిండా నీళ్లు పోసి పూర్తిగా ఇంకనివ్వండి. మళ్లీ నింపి, స్కేలు నిలబెట్టి గంటకు ఎంత దిగిందో చూడండి.

రేగడిలో ఈ పరీక్షను ఏప్రిల్‌లో చేసి మోసపోవద్దు. ఎండిన నెర్రెలు బిందెలకు బిందెలు మింగేస్తాయి. 'భలే ఇంకుతోంది' అనిపిస్తుంది. అదే మట్టి తడిసి ఉబ్బాక నెర్రెలు మూసుకుంటాయి, గంటకు అయిదారు మిల్లీమీటర్లు దిగడం కూడా గగనం. అందుకే ముందు రోజంతా గుంతను తడిగా ఉంచి, మర్నాడు కొలవాలి.

గంటకు అంగుళం, ఆ పైన దిగితే 6 నుంచి 8 అంగుళాల లోతు పల్లం చేసుకోవచ్చు. అర అంగుళానికీ అంగుళానికీ మధ్య అయితే లోతు 4 అంగుళాలకు తగ్గించి వెడల్పు పెంచాలి. అర అంగుళం కూడా దిగకపోతే నీళ్లను అక్కడ ఇంకించాలన్న ఆలోచన మానేసి, తొట్టిలోనో సంపులోనో నిల్వ చేయడం, మిగిలింది బయటికి పంపడం మేలు.

గడ్డపార టంగుమని ఆగే లోతు కూడా రాసుకోండి. అనంతపురం చుట్టుపక్కల ఎర్రమట్టి కింద చాలాచోట్ల నాలుగైదు అడుగులకే బండ తగులుతుంది. బండ మీద కూర్చున్న ఇంకుడు గుంత తొట్టిలాగే నిలుస్తుంది, ఇంకదు. బండకు పైన మెత్తని గరుసు పొర ఉంటే నీళ్లు పక్కలకు పాకుతాయి. అలాంటిచోట లోతు కన్నా పొడవు కలిసొస్తుంది. కొత్త లేఅవుట్లలో ఇంకో చిక్కుంది. పైన పోసింది గరుసు, కింద ఉన్నది రేగడి. పై అడుగు మట్టి చూసి ఎర్రనేల అనుకుంటే పప్పులో కాలేసినట్టే. కనీసం 4 అడుగులు తవ్వి చూడాలి.

వాటం

ఇల్లు ఎత్తులో, నీళ్లు చేరే పల్లం దూరంగా, పొంగిన నీళ్లు పోయే దారి అన్నిటికంటే కింద. ఈ మూడు మట్టాలూ కుదిరితే మిగతా తప్పులు దిద్దుకోవచ్చు. ఇవి తప్పితే ఎంత ఖర్చుపెట్టినా దండగ.

పునాది చుట్టూ మట్టి నేలైతే మొదటి 10 అడుగుల్లో 6 అంగుళాల వాలు ఉండాలి. బండలో సిమెంటో అయితే అడుగుకు పావు అంగుళం చాలు. ఇది మేస్త్రీలు రోజూ ఇచ్చే వాటమే. కంటికి చదునుగా కనిపించే జాగాలో కూడా మూల నుంచి మూలకు 4 నుంచి 6 అంగుళాల తేడా ఉండడం మామూలు. కంటిని నమ్మకుండా పారదర్శకమైన నీళ్ల గొట్టంతో మట్టం చూడండి. 15 మీటర్ల గొట్టం, ఇద్దరు మనుషులు, సుద్దముక్క ఉంటే గంటలో జాగా అంతా తేలిపోతుంది. గొట్టంలో గాలి బుడగ మిగిలితే మట్టం తప్పు చూపుతుంది కాబట్టి ముందు రెండు కొసలూ పక్కపక్కన పట్టి నీళ్లు సమంగా ఉన్నాయో లేదో చూసుకోవాలి.

మన కాలనీలన్నిటిలో ఉన్న అసలు కష్టం రోడ్డు. ప్రతిసారీ పాత రోడ్డు మీదే కొత్త సిమెంటు రోడ్డు వేస్తారు. పదిహేనేళ్లలో రోడ్డు గేటు కంటే అడుగు పైకి వస్తుంది. అప్పటిదాకా బయటికి పోయిన నీళ్లు లోపలికి రావడం మొదలవుతుంది. దీనికి గేటు దగ్గర రోడ్డు మట్టం కన్నా 4 నుంచి 6 అంగుళాలు ఎత్తుగా మిట్ట కట్టాలి, బండి చక్రం ఎక్కేంత నున్నగా. అయితే ఆ మిట్టతో మన నీళ్లకూ అడ్డం పడుతుంది. లోపలి పల్లం నుంచి మోరీలోకి పైపు ఉంటే దాని కొసకు ఎదురునీళ్లు రాకుండా మూతపడే వాల్వు పెట్టాలి. మోరీ మట్టమే పైనుంటే వేరే దారి లేదు, చిన్న మోటారుతో తోడాలి. కొత్తగా ఇల్లు కట్టేవాళ్లు బేస్‌మెంట్ ఎత్తును ఇవాళ్టి రోడ్డును బట్టి కాక, రేపు వేయబోయే రెండు పొరల రోడ్డును కూడా కలిపి కనీసం మూడడుగులు తీసుకోవాలి.

గేటు ముందు ర్యాంపు కోసం మోరీని సిమెంటుతో పూడ్చేసే అలవాటు వీధి మొత్తానికి చేటు. మోరీ మీద కడప బండలు పరచండి, సిమెంటుతో అంటించవద్దు. ప్రతి మూడో బండకు గడ్డపార కొన దూరేంత కంత ఉంటే ఎత్తి పూడిక తీయొచ్చు.

ఎర్రనేలలో పల్లపు తోట

ఎర్రనేలకు అన్నిటికంటే చవకైన, మన్నికైన ఉపాయం లోతు తక్కువ పల్లం. పైపు నీళ్లు అందులోకి వచ్చి, పరుచుకుని, ఒక రోజులో ఇంకిపోతాయి. మిగతా రోజుల్లో అది మామూలు తోట.

పై లెక్కలో మిద్దె నుంచి వచ్చే 2,300 లీటర్లకు ఏర్పాటు ఇలా ఉండొచ్చు: మొదట 1,000 లీటర్ల తొట్టి. అది నిండాక 10 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 6 అంగుళాల లోతు పల్లం. నిటారు అంచులైతే 50 ఘనపుటడుగులు, అంటే 1,400 లీటర్లు పడతాయి. అంచులు వాలుగా ఉండాలి కాబట్టి 1,200 దాకా లెక్కేసుకోవాలి. వాన కురుస్తుండగానే కొంత ఇంకుతుంది కనుక ఇది సరిపోతుంది. బండల వాకిలి నీళ్లకు ఇంటి రెండో పక్క 5 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు పల్లం ఇంకోటి కుదిరితే ఒకే చోట భారం పడదు. పునాదికి పల్లం అంచు కనీసం 10 అడుగుల దూరంలో ఉండాలి.

తవ్విన మట్టితోనే పల్లానికి దిగువన గట్టు వేయాలి. 4 నుంచి 6 అంగుళాల పొరలుగా వేసి, ప్రతి పొరనూ నీళ్లు చిలకరించి దిమ్మిసతో కొట్టాలి. ఒకేసారి కుప్పగా పోసి పైన మాత్రం కొట్టిన గట్టు మొదటి పెద్ద వానకే తెగుతుంది. గట్టు పైభాగం అంతటా ఒకే మట్టంలో ఉండి, ఒకే ఒక్కచోట 2 అంగుళాలు తక్కువగా, రెండడుగుల వెడల్పున అలుగు ఉండాలి. అలుగు మీద, దాని దిగువన మూడడుగుల దాకా బండ ముక్కలు పేర్చాలి. అలుగు లేని పల్లం తనకు తోచినచోట తెంపుకుంటుంది, ఎక్కువసార్లు అది పక్కింటి గోడ వైపే. అలుగు దాటిన నీళ్లు రోడ్డు మోరీకే చేరాలి తప్ప ఇంకొకరి జాగాలోకి పోకూడదు.

నీళ్లు పల్లంలోకి దిగే చోటును కాస్త దగ్గరగా చూద్దాం, పాడయ్యేది ఎక్కువగా అక్కడే. మిద్దె నుంచి పదడుగులు దిగిన నీళ్లు మట్టి మీద పడితే ఒక్క వానకే అడుగు లోతు గొయ్యి పడుతుంది. పైపు కొస కింద ఒక చదరపు అడుగు బండ ముక్క, దాని చుట్టూ పిడికెడంత రాళ్లు రెండు వరసలు పరవాలి. దానికి ముందు అడుగున్నర చదరం, అడుగు లోతు ఇటుక తొట్టి కట్టి, నీళ్లు అందులో నిండి అంచు మీదుగా పల్లంలోకి పొర్లేలా చేయాలి. మిద్దె మీది దుమ్ము, ఎండుటాకులు, పావురాల రెట్ట అందులో దిగిపోతాయి. తొట్టి అడుగున వేలు పట్టేంత కంత ఒకటి వదిలితే వాన ఆగాక అది ఖాళీ అవుతుంది, దోమలు చేరవు. దోమ గుడ్డు నుంచి ఎగిరే దశకు రావడానికి వారం, పది రోజులు పడుతుంది. ఒక రోజులో ఇంకే పల్లంలో వాటికి తావు లేదు. భయపడాల్సింది మూతలేని డ్రమ్ములను, పైపు వంపుల్లో నిలిచే నీళ్లను.

ఎర్రనేలకు ఒక చెడ్డ గుణం ఉంది. వాన చినుకులు నేరుగా కొడితే పైన పలచని గట్టి పెంకు కట్టి, కింద మట్టి పొడిగా ఉండగానే నీళ్లు జారిపోతాయి. పల్లం అడుగున 2, 3 అంగుళాలు మాగిన పశువుల ఎరువు కలిపి, పైన ఏదైనా కప్పాలి. మన దగ్గర చవకగా దొరికేది చెనిక్కాయ పొట్టు. మంచిదే, కానీ తేలుతుంది. పల్లం నిండగానే పొట్టంతా పైకి లేచి అలుగు దగ్గర చేరి దారి మూసేస్తుంది. పొట్టును గట్టు మీద, పక్క వాలుల మీద వేసి, పల్లం అడుగున మాత్రం 20 ఎంఎం కంకర ఒక పొర పరవడం సరైన పని.

చెరువు మట్టిని పల్లంలో పోయవద్దు. తోటకు బలమని ట్రాక్టర్ల కొద్దీ తెస్తారు. అది సన్నని ఒండ్రు. ఎర్రమట్టి మీద 2 అంగుళాలు పరిచినా మూత బిగించినట్టే, ఆ తర్వాత ఇంకేది చాలా తక్కువ. ఆ మట్టిని గట్టు మీద చెట్ల పాదుల్లో కలుపుకోండి.

బండల వాకిలి

బేతంచెర్ల, తాడిపత్రి, కడప బండలు చవకగా దొరికే సీమ ఇది. వాకిలి అంతా పరిచి దరువులు సిమెంటుతో మూసేయడం ఆచారమైపోయింది. అవే బండలను నీళ్లు దిగేలా పరవొచ్చు. 6 అంగుళాల లోతున 40 ఎంఎం, 20 ఎంఎం కంకర వేసి కొట్టి, దాని మీద 2 అంగుళాలు సన్న చిప్స్ పరిచి బండలు కూర్చోబెట్టాలి. దరువు అంగుళంన్నర వదలాలి. 2 అడుగుల చదరపు బండలకు ఆ దరువులే మొత్తం వాకిలిలో పదకొండు శాతం దాకా అవుతాయి. దరువుల్లో 6 ఎంఎం చిప్స్ నింపాలి. ఇసుకో మట్టో నింపితే రెండేళ్లలో గట్టిపడి సిమెంటుతో సమానమవుతుంది. ఇంట్లో మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే గుమ్మం నుంచి గేటు దాకా మూడడుగుల బాట మాత్రం మూసిన దరువులతో పరిచి, మిగతాది తెరిచి ఉంచండి.

కారు నిలిపేచోట అంగుళం మందం బండ నిలవదు, 2 అంగుళాలది కావాలి. ఇంకా మంచిది, చక్రాలు నడిచే చోట రెండడుగుల వెడల్పు పట్టీలు రెండే వేసి నడుమ గరిక పెంచడం. ఖర్చు సగానికి పైగా తగ్గుతుంది, ఎండాకాలం బండల వేడి ఇంటి మీదికి కొట్టడమూ తగ్గుతుంది.

రేగడిలో తలకిందులు

నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. ఈ మార్పు పునాది కింద అంతటా ఒకేలా జరిగితే పెద్ద ముప్పు లేదు. ఒక మూల తడిసి, ఇంకో మూల ఎండి ఉంటేనే కిటికీ మూలల నుంచి ఏటవాలుగా బీటలు పడతాయి. గోడ పక్కన పల్లం తవ్వి నీళ్లు నింపడమంటే ఆ తేడాను చేజేతులా తెచ్చుకోవడమే. కాబట్టి ఎర్రనేలలో 10 అడుగులన్న దూరం ఇక్కడ కనీసం 15 అడుగులు. అంత జాగా లేకపోతే నేలలో ఇంకించే పని పెట్టుకోకూడదు.

ఇంటి చుట్టూ నాలుగైదు అడుగుల వెడల్పున బండలు పరిచి, దరువులు పూర్తిగా మూసి, బయటికి వాటం ఇవ్వాలి. ఎర్రనేలలో వద్దన్న సిమెంటు దరువు ఇక్కడ తప్పనిసరి. ఆ బండల అంచు, గోడ కలిసే చోట సందు పడుతుంటుంది. ప్రతి వేసవిలో తారు మాస్టిక్ లాంటి సాగే పదార్థంతో దాన్ని నింపాలి. అక్కడ గట్టి సిమెంటు నిలవదు, మట్టి కదలగానే చిట్లుతుంది. మిద్దె పైపులను ఆ బండల మీదికి వదలకుండా, అతుకులు కారని పైపుతో దూరంగా తీసుకెళ్లాలి.

మొక్కలను పల్లంలో కాక, 8 నుంచి 12 అంగుళాలు ఎత్తు చేసిన మడుల మీద పెంచాలి. మడుల మధ్య కాలవల్లో నీళ్లు నెమ్మదిగా నడుస్తాయి. మట్టి గుల్లబారాలని రేగడిలో నాలుగు గంపల ఇసుక కలిపితే ఎండాక ఇటుకలా గట్టిపడుతుంది. ఇసుక పనిచేయాలంటే సగానికి పైగా కలపాలి, అది అయ్యే పని కాదు. ఎరువు, ఆకు చెత్త ఏటా వేయడమే దారి. తెల్లని ఉప్పు పొర తేలే చౌడు అయితే మట్టి పరీక్ష చేయించి, వాళ్లు చెప్పిన మోతాదులో జిప్సం వేయాలి.

చెట్లదీ ఇదే కథ. పెద్ద చెట్టు వేర్లు ఎండాకాలంలో పునాది కింది చెమ్మను లాగేస్తాయి, మట్టి కుంచించుకుని ఆ మూల కుంగుతుంది. రేగడిలో వేప, కానుగ లాంటివి పెరిగి ఎంత ఎత్తవుతాయో ఇంటికి అంత దూరంలో నాటాలి.

ఇన్ని కట్టడుల వల్ల రేగడి ఇళ్లకు నీటి నిల్వే మేలు. 5,000 లీటర్ల సంపు ఉంటే, పై కొలతల మిద్దెకు 50 మిల్లీమీటర్ల వాన మొత్తం అందులో పడుతుంది. సంపు గోడ కారితే మాత్రం మళ్లీ పునాది దగ్గరికే వస్తాం. లోపలి నున్నపు పూత, పైపు దూరిన చోట బిగింపు విషయంలో రాజీ పడవద్దు. రేగడి పొర మందం తక్కువై, కింద సుద్ద గానీ గరుసు గానీ ఉంటే రేగడిని దాటేదాకా కేసింగ్ దింపి, నీళ్లను ఆ కింది పొరలోనే వదలొచ్చు. ఇంటికి దూరంగా మాత్రమే.

సంపుకు పంపే ముందు తొలి వాన కడుగునీళ్లను వదిలేయాలి. ఎంత? మిద్దె మీద మొదటి ఒక మిల్లీమీటరు, అంటే 100 చదరపు మీటర్లకు 100 లీటర్లు. దీనికోసం మీటరు పొడవు 4 అంగుళాల పైపు కింద మూత బిగించి సరిపెడుతుంటారు. అందులో పట్టేది సుమారు 8 లీటర్లే. 100 లీటర్ల డ్రమ్ము పెట్టి, అడుగున బొట్లు బొట్లుగా కారే చిన్న కంత చేయండి. లేదంటే చేత్తో తిప్పే వాల్వు పెట్టి తొలి పది నిమిషాల నీళ్లను తోటలోకి వదలండి.

ఇంకుడు గుంత ఎక్కడ పనికొస్తుంది

ఎర్రనేల, గరుసు నేల, బండ లోతుగా ఉన్నచోట, పల్లపు తోటకు జాగా చాలనప్పుడు. 4 × 4 అడుగులు, 5 అడుగుల లోతు గుంత 80 ఘనపుటడుగులు. 2,200 లీటర్లు పడతాయనుకుంటారు. రాళ్లతో నింపితే మిగిలే సందు నూటికి నలభై పాళ్లే, పట్టేది 900 లీటర్లు. అదే కంతలున్న 3 అడుగుల వ్యాసం సిమెంటు వరలను 6 అడుగుల లోతుకు దించి, చుట్టూ కంకర పోసి, పైన బండ మూస్తే 1,200 లీటర్లు ఖాళీగా దొరుకుతాయి, పూడిక తీయడానికి మనిషి దిగొచ్చు.

రాళ్ల గుంతే వేస్తే అడుగున పెద్ద రాళ్లు, ఆపైన 40 ఎంఎం, ఆపైన 20 ఎంఎం, ఒక జాలీ, దాని మీద 6 అంగుళాల దొడ్డు ఇసుక. జాలీ మరిచిపోతే ఇసుక కంకరలోకి జారి రెండు మూడు వానాకాలాల్లో మొత్తం బిగుసుకుంటుంది. పెరటి మట్టినీళ్లను ఇందులోకి రానివ్వకూడదు, మిద్దె నీళ్లే రావాలి. సెప్టిక్ ట్యాంకుకు కనీసం 30 అడుగుల దూరం ఉండాలి. 3 సెంట్ల జాగాలో అది కుదరదు కాబట్టి అక్కడ లోతు గుంత వద్దు. మిద్దె నీళ్లను నేరుగా బోరు కేసింగ్‌లోకి వదలడం ఇంకా ప్రమాదం. మురికి ఒకసారి బండ నెర్రెల్లోకి దిగితే వెనక్కి తీయలేం, ఆ బోరు మీద ఆధారపడ్డ చుట్టుపక్కల ఇళ్లకూ అది తగులుతుంది.

ఏం నాటాలి

పల్లంలో బతకాల్సిన మొక్క ఏడాదిలో కొద్ది రోజులు మునిగి, మిగతా నెలలు ఎండను తట్టుకోవాలి. అడుగున వట్టివేరు, మెట్టతామర, గరిక. వట్టివేరును అలుగు దిగువన అడుగుకు రెండు పిలకల చొప్పున వరసగా నాటితే మట్టి కోతకు గురికాదు. అంచు వాలు మీద నిమ్మగడ్డి, బిళ్లగన్నేరు. గట్టు మీద కరివేపాకు, దానిమ్మ, సీతాఫలం, కలబంద. పల్లానికి దగ్గరగా ఫలవృక్షం కావాలంటే నేరేడు, జామ తట్టుకుంటాయి. బొప్పాయి, మునగ పల్లంలో వద్దు. వేర్ల దగ్గర రెండు రోజులు నీళ్లు నిలిస్తే బొప్పాయి కుళ్లిపోతుంది. మొదటి వేసవి మాత్రం అన్నిటికీ చేత్తో నీళ్లు పోయక తప్పదు.

మట్టి పని మే లోపు ముగించి, జూన్ తొలి వానల తర్వాత నాటాలి. మే మూడో వారంలో మిద్దె ఊడ్చి, పైపు నోటి జాలీలు, ఇటుక తొట్టి శుభ్రం చేయాలి. మొదటి గట్టి వానకు గొడుగు పట్టుకుని బయట నిలబడి నీళ్లు ఎటు పోతున్నాయో చూడండి. ఎక్కడ నిలిచింది, ఎక్కడ గట్టు దాటబోయింది అక్కడే చిన్న పుల్లలు గుచ్చి గుర్తు పెట్టుకుంటే, నేల ఆరాక దిద్దుబాటు గంపెడు మట్టితో తేలిపోతుంది. నవంబరు వానలు ఆగాక పల్లం అడుగున చేరిన సన్న ఒండ్రును అర అంగుళం మందాన గీరి తీసి గట్టు మీద చెట్ల పాదులకు వేయాలి. ఇంకుడు గుంత పైన ఇసుక నల్లబడి ఉంటే 2 అంగుళాలు ఎత్తేసి కొత్త ఇసుక పోయాలి. పల్లంలో నీళ్లు రెండో రోజుకూ నిలుస్తుంటే అడుగు పూడిందని అర్థం. అప్పుడు కంకర పొర తీసి, కింది మట్టిని గడ్డపారతో అరడుగు లోతు గుల్ల చేసి, ఎరువు కలిపి, కంకరను కడిగి మళ్లీ పరవాలి.